మిర్యాలగూడలో మేం కట్టిన బాత్రూం

చదువు పూర్తయి, ఉద్యోగం అనేది ఒకటి దొరికి, ఐడీ కార్డు మీద మన ఫోటో మనకే ముద్దొచ్చే ఆ రోజుల్లో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఈ లోకం ఇన్నాళ్లూ మన కోసమే చెడిపోయి కూర్చుందనీ, మనం వెళ్లి ఓ చెయ్యి వేస్తే లేచి నిలబడుతుందనీ అనిపిస్తుంది. నాకా జబ్బు కాస్త గట్టిగానే పట్టింది. సోషల్ వర్క్ చదివిన ఊపులో ఒక యూనివర్సిటీ వాళ్ల సామాజిక సేవా కార్యక్రమంలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేరాను. (ఫీల్డు అంటే ఎండ అనీ, కోఆర్డినేటర్ అంటే ఆ ఎండలో నిలబడే మనిషి అనీ చేరాక తెలిసింది.) ఇల్లేమో కోదాడలో, ఆఫీసేమో సూర్యాపేటలో, పనేమో మిర్యాలగూడలో. పొద్దున ఒక బస్సు, మధ్యాహ్నం ఒక బస్సు, సాయంత్రం దొరికిన బస్సు. మా అమ్మ నన్ను చూసి, "నువ్వు ఉద్యోగం చేస్తున్నావా, బస్సులకు కాపలా కాస్తున్నావా?" అనేది.

కార్యక్రమం ఉద్దేశం మాత్రం మంచిదే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. దామరచర్ల కరెంటు ప్లాంటు పనుల్లో, మిర్యాలగూడ చుట్టుపక్కల లేచే ఇళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఇటుకలూ మాలూ మోసిన ఆడవాళ్లకు తాపీ పని నేర్పి, వాళ్లను మేస్త్రీలను చెయ్యాలి. "నెత్తి మీద తట్ట దించుదాం, చేతికి తాపీ ఇద్దాం" అని ఫ్లెక్సీ కూడా వేయించాం. ఆ వాక్యం రాసింది నేనే. అది చూసుకుని నేను మురిసిన మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. శిక్షణ ఇచ్చేది ఒక ముసలాయన, అందరికీ మేస్త్రీ తాత. పైన సూర్యాపేటలో కూర్చుని నడిపించేది ఫోటో సార్. ఆయన అసలు పేరు వేరే ఉంది గానీ, ఏ పనైనా ఫోటో తీశాకే జరిగినట్టు, తియ్యకపోతే జరగనట్టు ఆయన లెక్క కాబట్టి మాకు ఆ పేరే నిలిచిపోయింది.

మూతపడ్డ ఒక గోదాము వెనక ఖాళీ జాగాలో మా బడి. అక్కడ పద్ధతి ఏమిటంటే, పొద్దున ఇటుక మీద ఇటుక పెట్టి ఉత్త మట్టితో గోడ కట్టాలి. మేస్త్రీ తాత దారానికి గుండు కట్టి వంకరలు చూసి తిట్టాలి. సాయంత్రానికి ఆ గోడ కూలగొట్టి, ఇటుకలు గీకి, మర్నాటికి పేర్చుకోవాలి. ఇచ్చిన ఇటుకలు అన్నే మరి, వచ్చే బ్యాచికి కూడా అవే. "పొద్దుగాల కట్టుడు, పొద్దుమీకి కూలగొట్టుడు. మా అత్త గూడ నన్ను గింత సతాయించలే మేడం" అనేది సిమెంటక్క. ఆమె దామరచర్ల దిక్కు మనిషి. తమ్ముడు మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మూటలు లోడింగ్ చేస్తాడు. ఎక్కడ సిమెంటు మాట వచ్చినా సొంత చుట్టం పేరు విన్నట్టు, "మా మఠంపల్లి మాలే అది" అని తల ఎగరేసేది, అందుకే ఆ పేరు. అందరిలోకీ చెయ్యి తిరిగినది, నోరూ తిరిగినది.

ఆ జాగాలో అన్నీ ఉన్నాయి, ఆడవాళ్లకు బాత్రూం తప్ప. మగవాళ్లకు గోదాము గోడ ఉంది. మేస్త్రీ తాత ఓ దగ్గు దగ్గి అటు నడిస్తే మేమంతా ఇటు తిరిగి ఆకాశం చూసేవాళ్లం. మాకేమో చుట్టూ ఇళ్లూ, పక్కన రోడ్డూ, ఎక్కడా చాటు లేదు. అందుకని అక్కడి ఆడవాళ్లందరూ ఒకే ఉపాయం కనిపెట్టారు. పొద్దున ఇంట్లో తాగిన చాయ్ తర్వాత మళ్లీ ఇల్లు చేరేదాకా గొంతు తడపకపోవడం. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, పక్కనే కుండ నిండా చల్లటి నీళ్లు ఉండేవి. ఆ కుండను నేనే కొని పెట్టాను. ఎవరూ తాగడం లేదేమిటని మొదట్లో నేనే చిన్నబుచ్చుకున్నాను కూడా. (కోదాడ బస్సులో ఒకసారి నాకూ ప్రాణం మీదికి వచ్చాక గానీ సంగతి బుర్రకెక్కలేదు.)

ఒక మధ్యాహ్నం సిమెంటక్క చేతిలో తాపీ పక్కన పెట్టి, నడుం పట్టుకుని, మట్టిలోనే కూలబడింది. ముఖమంతా చెమట. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలో రాళ్లు అని తేల్చారు. డాక్టరమ్మ నా వయసు పిల్లే, అక్కను కసిరేసింది. "నీళ్లు తాగవా నువ్వు? గిట్లనే చేస్తే కిడ్నీ ఖరాబైతది. తర్వాత నన్ను అడగొద్దు." అక్క బుద్ధిగా తలూపింది. బయటికి వచ్చాక మందుల చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్లు తాగుమన్నది, మంచిగనే ఉన్నది. తాగినంక యాడికి పోవాల్నో గూడ గీడ రాస్తే అయిపోవు గదా బిడ్డా" అంది. మేడం నుంచి బిడ్డనయ్యాను గానీ, సంతోషించే ఓపిక లేకపోయింది.

అక్కడి నుంచే ఫోటో సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఏమీ చెయ్యని వాళ్లకు ఓపిక ఎక్కువ. "అమ్మా, మనది శిక్షణ పద్దు. బాత్రూం మన పద్దులో రాదు. నువ్వొక పని చెయ్యి. నీళ్లు తాగాల్సిన అవసరం మీద అవగాహన సదస్సు పెట్టు. ఫోటోలు జర మంచిగ రావాలె" అన్నారు. పెట్టాను. ఉద్యోగం కదా. చార్టు మీద కిడ్నీ బొమ్మ గీసి, నీళ్లెంత అవసరమో చెప్పాను. సిమెంటక్క ముందు వరుసలో కూర్చుని, అంతా అయ్యాక, "సదువుకున్నోళ్లు మంచిగ జెప్తరు" అంది. పొగడ్త కాదని వెనక వరుస నవ్వు చెప్పింది.

ఉపాయం కూడా ఆమే చెప్పింది. "రోజూ గోడ కట్టవడ్తిమి, కూలగొట్టవడ్తిమి. గదేదో నాలుగు దిక్కుల కట్టి, కూలగొట్టకుండ ఇడిసిపెడితే ఏమైతది?" ఏమీ కాదు. గోదాముకు ఎప్పటిదో సెప్టిక్ ట్యాంకు అలాగే ఉంది. మఠంపల్లి తమ్ముడు చిరిగిన మూటల్లోంచి రాలిన సిమెంటు సంచుల్లోకి ఎత్తుకొచ్చాడు. ఎవరిదో పాత ఇల్లు పడగొడితే లెట్రిన్ బేసినూ, తలుపూ, దాన్ని బిగించే చౌకట్టూ దొరికాయి. రేకు ఇంకొకామె ఇంటి మీది నుంచి వచ్చింది. ("కోళ్ల గూటి మీదిది మేడం, కోళ్లకు ఏం ఫరక్ పడదు.") మేస్త్రీ తాత చూడనట్టే ఉంటూ, వంకర వస్తే మాత్రం చూసినట్టే తిట్టాడు. ఇన్నేళ్లలో ఎవరెవరి ఇళ్లకో ఇటుకలు మోసిన ఆ ఆడవాళ్లు తమ కోసం కట్టుకున్న మొదటి గోడలవి. ఒక్కొక్క ఇటుకా పెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసుకునేవాళ్లు. నేను మాలు కలుపుతానని దిగి, చీర పాడుచేసుకుని, పనికి అడ్డం పడుతున్నానని పక్కకు పంపబడ్డాను. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.

అయితే కొత్త సిమెంటు. "గోడ గట్టిపడేదాంక, బేసిను కుదురుకునేదాంక ఎవ్వలు లోపలికి పోవద్దు" అన్నాడు మేస్త్రీ తాత. సరే, అన్నాళ్లు ఆగినవాళ్లం ఇంకొన్నాళ్లు ఆగలేమా అనుకున్నాం. గోడలకు మాత్రం పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం బిందెలతో నీళ్లు పోశాం. గోడలు కడుపు నిండా తాగాయి. పోసేవాళ్లు పెదాలు తడుపుకుని ఊరుకున్నారు.

ఆ మధ్యలోనే ఫోటో సార్ ఊడిపడ్డారు. "ఎవరిని అడిగి కట్టిండ్రు?" అని మొదట ఎగిరారు. తర్వాత చుట్టూ ఒకసారి తిరిగారు. తిరుగుతుంటే ఆయన ముఖం మారడం నేను కళ్లారా చూశాను. పై నుంచి పెద్దసారు వచ్చే రోజు దగ్గర్లో ఉంది. మర్నాటికల్లా మా బాత్రూం మీద "మహిళా శిక్షణార్థులు నిర్మించిన ఆదర్శ శౌచాలయం" అని బోర్డు పడింది. తలుపుకు గులాబీ రంగు రిబ్బను, ఆడవాళ్ల తలల మీద పచ్చ హెల్మెట్లు. (హెల్మెట్లు సార్ కారులో వచ్చాయి, ఫోటోలయ్యాక సార్ కారులోనే వెళ్లిపోయాయి.) పెద్దసారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, లోపలికి తొంగి చూశారు, "ఒక్క నిమిషం" అని తలుపేసుకున్నారు. చాలా దూరం నుంచి కారులో వచ్చిన మనిషి, షుగరు కూడా ఉందట, తప్పు పట్టలేం. చప్పట్లకని ఎత్తిన చేతులు అలాగే పట్టుకుని మేమంతా బయట నిలబడ్డాం. ఆయన బయటికి రాగానే ఎవరో అలవాటు కొద్దీ కొట్టారు, అందరం అందుకున్నాం. తర్వాత ఆయన స్త్రీల ఆత్మగౌరవం మీద మాట్లాడి, అందరికీ జ్ఞాపికగా ఒక్కొక్క స్టీలు నీళ్ల సీసా పంచిపెట్టి వెళ్లారు.

వాళ్ల కార్లు కదిలాక చూస్తే తలుపుకు తాళం. తాళంచెవి సూర్యాపేట వెళ్లిపోయింది. మొదటి రోజు మర్చిపోయారనుకున్నాం. రెండో రోజు ఫోటో సార్‌కు ఫోన్ చేస్తే, "అది స్టాఫ్‌కూ గెస్టులకూ ఉండనీయమ్మా. మంచిగ కట్టిండ్రు, పాడైపోతది" అన్నారు. కట్టింది వాళ్లే కదా సార్ అన్నాను. అక్క ఆరోగ్యం సంగతి మళ్లీ చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, లోకజ్ఞానం నేర్పే తండ్రిలా, "నీకు తెలవదు. ఒకసారి ఇస్తే అలవాటు పడతరమ్మా" అన్నారు. బాత్రూంకు అలవాటు పడటం! "నీ ఒక్కదానికైతే ఇంకో చెవి పంపుతా, స్టాఫువే కదా" అని కూడా అన్నారు. వద్దని విసురుగా ఫోన్ పెట్టేశాను. ఆ సాయంత్రం బస్సులో హుజూర్‌నగర్ దాటి కోదాడ చేరేదాకా ఆ విసురుకు పూర్తి మూల్యం చెల్లించాను. ఆయనన్న మాట మాత్రం దాచలేదు, అక్కడ అందరికీ చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. సిమెంటక్క ఒక్కతే, "అవునా, గట్లన్నడా" అంది.

ఆఖరి రోజు సర్టిఫికెట్లు. ముందు రోజు సార్ ఫోన్: "ప్రాక్టీసు గోడలన్నీ తీసేసి ఇటుకలు నీటుగ పేర్పియ్యి. రేపెల్లుండి కొత్త బ్యాచ్ ఉంది." ఆ మాట ఉన్నదున్నట్టు చేరవేశాను. "అన్ని గోడలన్నడా?" అడిగింది అక్క. అన్నీ అన్నారు అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపింది. మట్టి గోడలు ఎప్పట్లాగే పడిపోయాయి. తర్వాత అందరూ కలిసి బాత్రూం దగ్గరికి నడిచారు. నేను ఆపలేదు, ఆపాలని అనిపించలేదు. రేకు కోళ్లకు వాపసు పోయింది. బేసిను ఎవరో ఎత్తుకెళ్లారు. గోడలు మాత్రం అంత సులువుగా లొంగలేదు, మఠంపల్లి మాల్ కదా. సుత్తె దెబ్బ దెబ్బకూ అక్క, "సూడుండ్రి ఎట్ల కట్టినమో, పడుతనే లేదు" అని గర్వపడుతూనే కొట్టింది. కొడుతూ ఒకామె ఏడ్చింది. చౌకట్టు దగ్గరికి వచ్చేసరికి అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "తాళం సారుది. మనది గాదు. ముట్టకుండ్రి."

మర్నాడు మేమంతా కింద పరిచిన పట్టాల మీద కూర్చుని ఉన్నాం. మాకు ఎదురుగా, ఖాళీ జాగా మధ్యలో చౌకట్టు ఒక్కటే నిలబడి ఉంది, దానికి తలుపు, తలుపుకు తాళం. ఫోటో సార్ సూర్యాపేట నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినట్టున్నారు. కారు దిగి, గోదాము మలుపు తిరిగి, ఎవరినీ చూడకుండా, తల వంచుకుని, జేబులో చెవి వెతుక్కుంటూ గబగబా తలుపు దగ్గరికి వెళ్లారు. తాళం తీశారు. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరిగి గడియ కూడా వేసుకున్నారు. అప్పుడు ఇటు తిరిగారు. ఎదురుగా మేమందరం.

"ఇదేందమ్మా?" అన్నారు.

"ప్రాక్టీసు గోడలు సార్. తియ్యిమంటిరి, తీసినం. తాళం ముట్టలే" అంది సిమెంటక్క.

"మరి ఇప్పుడు... ఇక్కడ ఏదైనా..."

"ఇంటికి పోయేదాంక ఆపుకోవాలె సార్" అంది అక్క చాలా మర్యాదగా. "ఏం కాదు. అలవాటు పడతరు."

ఆ నవ్వు మిర్యాలగూడ అంతా వినబడి ఉంటుంది. మేస్త్రీ తాత తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. నేను ఉద్యోగం సంగతి మర్చిపోయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. సార్ ముఖం కందిపోయింది. గడియ తీసుకుని బయటికి వచ్చి, ఓ దగ్గు దగ్గి, గోదాము గోడ వైపు నడిచారు. ఆయనకేం, గోడ ఉంది. మేమంతా అలవాటుగా ఇటు తిరిగి ఆకాశం చూశాం. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సిమెంటక్క మాత్రం నడుం పట్టుకుని కాస్త ముందుకు వంగి కూర్చుంది. అంత నవ్వు ఆమె ఒంటికి పడలేదు.

ఆ బ్యాచితో నా ఉద్యోగమూ అయిపోయింది. పెద్దసారు రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో మాత్రం యూనివర్సిటీ వాళ్ల పుస్తకం అట్ట మీదికి ఎక్కిందట. కొన్నాళ్లకు దామరచర్ల వెళ్లి అక్కను చూశాను. ఒక రాయికి ఆపరేషన్ అయింది, ఇంకోటి లోపలే ఉంది. సర్టిఫికెట్ చూపిస్తే అక్కడి మేస్త్రీ, "మంచిగున్నది, ఇంట్ల గోడకు పెట్టుకో" అని మళ్లీ తట్టే చేతికిచ్చాడట. అది కూడా నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు నేను సూర్యాపేటలో ఒక కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా బోరు కొడుతోందంటే ఈ కథే ఎత్తుకుంటాను. సార్ గడియ వేసుకున్న చోట అందరూ పగలబడి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. గోదాము గోడ దాకా ఎప్పుడూ చెప్పను. బెల్లు కొట్టాక సంచి సర్దుకుంటాను. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతుంటుంది. సీసాలో నీళ్లుంటాయి. తాగను, ఇంకా కోదాడ దాకా పోవాలి.