జాజు చేతుల అప్పన్న గారు

అప్పన్న గారు పరమపదించారన్న వార్త గత శుక్రవారం ఉదయం, నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుండగా వచ్చింది. ఫోను చేసింది ఆయన కోడలు లక్ష్మి. "మావయ్య పోనారు టీచరమ్మా, నిద్దర్లోనే" అంది. సరే అన్నాను. ఫోను పెట్టేసి మిగిలిన బియ్యం కూడా ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టాను. దిగ్భ్రాంతి అంటే గుండెలు బాదుకోవడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. అన్నం వార్చాక గాని ఆ ఇంటికి వెళ్ళాలన్న సంగతే నాకు తోచలేదు.

రాయ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువారికి ఆయనను పరిచయం చేయనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. శ్రీకాకుళం జిల్లాలో కుండలు చేసే ఇంట జన్మించి, ఇక్కడ వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా చేరి, ఇక్కడే పదవీ విరమణ చేశారు. ఆయనకు వంశపారంపర్యంగా సంక్రమించిన విద్య మరొకటుంది. ఒంటికి ఒకవైపే, మంటతో, బారులు తీరి లేచే పొక్కులను మనం సర్పి అంటాం కదా. ఆ పొక్కుల బారు పాములా ఒంటిని చుట్టి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మనవాళ్ళ భయం. అవి కలవకుండా జాజు, అంటే ఎర్రమట్టి, నీళ్ళతో నూరి పొక్కుల చుట్టూ కట్టు గీసేవారు. వరసగా మూడు ఉదయాలు గీయాలి. అందుకు ఎవరింటా కనీసం టీ కూడా పుచ్చుకునేవారు కారు.

రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో నాకు సర్పి లేచింది, నుదుటి మీద, ఎడమవైపు. రెండో రోజుకే రెప్ప వాచింది. ముక్కు కొన మీద కూడా ఒక పొక్కు కనిపించింది. నేనప్పుడు తెలుగు బడిలో సైన్సు చెప్పేదాన్ని. అయినా వెళ్ళి అప్పన్న గారి అరుగు మీదే కూర్చున్నాను. ఆయన మూడు ఉదయాలూ జాజు గీశారు. పదో రోజున కళ్ళ ఆస్పత్రిలో డాక్టరు దూది పోగుతో నా కనుగుడ్డును తాకి, తెలుస్తోందా అని అడిగాడు. తెలియడం లేదన్నాను. నుదుటి చర్మానికీ కంటికీ వెళ్ళేది ఒకటే నరమనీ, జబ్బు ఆ దారినే కంట్లోకి దిగిందనీ, మొదటి మూడు రోజుల్లో మాత్రలు మొదలుపెట్టి ఉంటే చూపు దక్కే అవకాశం చాలా ఉండేదనీ చెప్పాడు. ఎడమ కంటి మీద తెల్లమచ్చ పడి చూపు పోయింది. ఇంతవరకూ కాలనీలో అందరికీ తెలిసిన కథే.

ఆనాటి నుంచి అప్పన్న గారు మెడకు పైన జాజు ముట్టలేదు. ముఖాన పొక్కులతో ఎవరొచ్చినా చెప్పులేసుకుని వారిని స్వయంగా కళ్ళ ఆస్పత్రికి తీసుకువెళ్ళేవారు. "ముక్కు కొన మీద పొక్కుంటే కంటికి కబురెల్లిపోయినట్టే. నాకాడ కూకోకండి, నెగండి" అనేవారు.

టాటీబంధ్‌లో లారీ తోలే ఒక ఛత్తీస్‌గఢీ యువకుడు అలాగే ముఖాన పొక్కులతో వచ్చాడు. అది మాతా రావడమనీ, మందు వేస్తే అమ్మవారు కోపిస్తుందనీ మొండికేశాడు. అప్పన్న గారు వాదించలేదు. అతని ముంజేతి మీద తీరిగ్గా ఒక జాజు గీత గీసి, మాతకు కబురు అందిందని హిందీలో నమ్మబలికి, ఆ గీత ఆరేలోపు ఆటో ఎక్కించారు. అతని కన్ను నిలిచింది.

ఆ ఆస్పత్రి వరండాలో ఏళ్ళ తరబడి కూర్చుని ఆయన సగం వైద్యుడయ్యారు. తలలో చుండ్రు ముదిరితే రెప్పల అంచులు పుండవుతాయని, ఒంటి దురద అలవాటున కళ్ళు కూడా నులిమితే నల్లగుడ్డు మీది పొర వంగుతుందని, తామరకిచ్చిన ట్యూబు రెప్పలకు నెలల తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చని అందరికీ చెప్పేవారు. పెళ్ళి పంక్తిలో సైతం పక్కవారి రెప్పలు పరీక్షించేవారు. నా మేనకోడలిని నలుగురిలో ఆపి, "తెల్లబడే కిరీము కంటికాడ రాసీకమ్మా" అన్నారు. ఆ పిల్ల సిగ్గుతో భోజనం మానేసింది, క్రీము కూడా మానేసింది.

ఇక నేను చెప్పవలసినది చెబుతాను. నాకు జాజు గీయవలసిన రెండో ఉదయం ఆయన గిన్నె పక్కన పెట్టేశారు. "టీచరమ్మా, ఇది కంటికాడికి వొచ్చీసినాది. నాకు బయంగా ఉన్నాది. కళ్ళ డాక్టరుకి సూపించండి" అన్నారు. వార్షిక పరీక్షల రోజులు. "చర్మానికి వచ్చినదానికి కళ్ళ డాక్టరెందుకు అన్నయ్యా? గీసేయండి, బడికి టైమవుతోంది" అన్నాను. సైన్సు టీచరుకు ఎదురు చెప్పలేక గీశారు. మూడో ఉదయం మళ్ళీ అదే మాట అన్నారు, నేను మళ్ళీ విసుక్కున్నాను.

కన్ను పోయాక మా వారు ఆయన గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా చూస్తుండగా నానా మాటలన్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పన్న గారు ఒక్కసారి నావైపు చూశారు. నేను నేల చూశాను. "తప్పు నాదే బాబూ" అన్నారాయన. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ ప్రస్తావన ఎత్తలేదు. వీధిలో ఎదురైనప్పుడు మాత్రం చుట్టూ తిరిగి నా కుడివైపుకు వచ్చి పలకరించేవారు, నాకు కనిపించాలని.

శుక్రవారం ఆ ఇంటి ముందు ఎవరో అన్నారు, "దేవుడులాంటి మనిసి. టీచరమ్మ కన్నొక్కటే ఆయన సేత పోనాది" అని. అందరూ నన్ను చూశారు. నేను ఈసారీ నేల చూశాను. పాడె నా ఎడమవైపు నుంచి లేచింది. నేను తల తిప్పేసరికే మలుపు దాటిపోయింది.

నా ఎడమ కంట్లో దుమ్ము పడినా ఇప్పటికీ తెలియదు. ఈ వారం రోజులుగా మనిషినంతా అలాగే ఉన్నాను. ఏడుపు రావడం లేదు. రేపు ఎవరి ముక్కు మీదనైనా పొక్కు లేస్తే, చూసి చెప్పులేసుకునే మనిషి ఈ కాలనీలో లేడు. ఆ స్థానం భర్తీ అయ్యేది కాదు.

ఆ పుణ్యాత్ముడికి నేనర్పించగల అంజలి ఒక్కటే. అప్పన్న గారు నా కన్ను తీయలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు, రెండుసార్లు. నేను వెళ్ళలేదు. మా కాలనీలో ఇప్పటివారికి తెలుగు చదవడం రాదు. చదవగలిగినవారు ఈ నాలుగు మాటలు వారికి చదివి వినిపించండి.