దావీదు బీడీ మానిన నెల

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను అక్కడి ఒక ఆసుపత్రికి హెడ్ నర్సుగా వేశారు. రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు అదే.

ఆ చలికాలంలో ఎస్తేరు అనే ఆమె తన తమ్ముడు దావీదును ఆళ్లగడ్డ నుంచి ఆటోలో తెచ్చింది. అతను శిల్పాల షెడ్డులో రాతి విగ్రహాలను నున్నగా రుద్దేవాడు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంది. వేరే ఊరి డాక్టరు రాసిన క్లోజపిన్ మాత్రలతో, ఎవరూ లేకున్నా చెవిలో వినిపించే మాటలు తగ్గి, మళ్లీ పనికి వెళ్తున్నాడు. ఇప్పుడు మాత్రం మగతగా ఉన్నాడు, నోటి వెంట చొంగ కారుతోంది. దారిలో ఫిట్స్ వచ్చాయట.

మాత్రలు ఎక్కువ మింగాడా అని అడిగాను.

"లేదు మేడం. నా చేత్తోనే ఇస్తాండా, ఎప్పుడూ ఇచ్చేటివే."

చేర్చుకునేటప్పుడు అలవాట్లు కూడా అడగాలి. బీడీల సంగతి అడిగితే ఆమె ముఖం కాస్త విప్పారింది. "మానేసినాడు మేడం. నెలాయ. దగ్గి దగ్గి సస్తాంటే సూడలేక నేనే మాన్పిచ్చినా."

ఆ మాట వినగానే డ్యూటీ డాక్టరు క్లోజపిన్ ఆపించాడు.

ఈ జబ్బున్నవాళ్లు చాలామంది విపరీతంగా పొగ తాగుతారు. కాసేపు మనసు కుదుటపడుతుందంటారు. ఆ పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తుంది. కాబట్టి మోతాదు పెద్దగా పెట్టాల్సి వస్తుంది. పొగ మానితే ఆ ఖర్చు తగ్గిపోతుంది. మింగేది పాత మోతాదే అయినా రక్తంలో మందు పేరుకుని విషమవుతుంది.

ఫిట్స్‌లో చొంగ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. బీడీలతో అవి ముందే పాడైవున్నాయి. ఆక్సిజన్ పెట్టాం, యాంటీబయాటిక్స్ ఇచ్చాం. వారం తిరక్కుండానే దావీదు పోయాడు.

జరిగిందేమిటో డాక్టరు ఎస్తేరుకు దాచకుండా చెప్పాడు. ఆయన వెళ్లాక ఆమె నన్ను అడిగింది.

"అయితే తాగనిచ్చింటే బతికుండునా మేడం?"

మాన్పించడం తప్పు కాదని, దాంతోపాటు మాత్ర తగ్గించాల్సిందని చెప్పాను.

"ఆ మాట మాకెవురూ జెప్పల్యా," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆ తర్వాత క్లోజపిన్ తీసుకెళ్లే ప్రతి ఇంటివాళ్లకూ ఒక మాట చెప్పి పంపేదాన్ని: బీడీ మాన్పించండి, మంచిదే, కానీ ముందు డాక్టరుకు చెప్పి మాన్పించండి. మంచి పనికి కూడా మోతాదు సరిచూసుకోవాలని ఆ కేసు నాకు నేర్పింది.