వంగనారు మీద కప్పిన బొమ్మ

విజయవాడ వన్ టౌన్‌లో రంగుల కొట్ల ముందు నుంచి నడవాల్సి వస్తే నేను ఇప్పటికీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. తోపుడు బళ్ళ రొదా, గోడౌన్ల ముందు దించే మిరపకాయ బస్తాల ఘాటూ నన్నేమీ చెయ్యవు; అవిసె నూనె వాసన ఒక్కటే పడదు. ఆ వాసన వెనకాలే తడిమట్టి వాసనా, దాని వెనకాలే మా అమ్మా వస్తారు.

డెబ్బైల్లో మేం గుణదలలో ఉండేవాళ్ళం. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. పందిరి నిండా బీరపాదు, వంకర తిరగకుండా చివర రాళ్ళు కట్టిన పొట్లకాయలు, గోడవార గోంగూర, నూతి పక్కన దొండ, పొద్దున్నే బూడిద చల్లిన వంగ ఆకులు, ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి ఊళ్ళ నుంచి దిగిన చుట్టాలకి పెద్ద గిన్నెలో ఉడికే గుమ్మడికాయ పులుసు, ఇవన్నీ అమ్మ చేతి చలవే. అదే చేత్తో అమ్మ బొమ్మలు కూడా వేసేది. చిన్నప్పుడు హాస్టల్లో ఒక సిస్టరుగారు నేర్పిన విద్య అది. నాన్న ఆఫీసులో గుమాస్తా, తినేవాళ్ళం ఆరుగురం. అందుకని ఆయన ఒక నియమం పెట్టారు: ముందు పాదులు, తర్వాతే బొమ్మలు. చెడ్డవాడని అనను. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే కాలవలో పడతావే" అని నవ్వేవారు. అమ్మా నవ్వేది. మధ్యాహ్నం అందరం తిన్నాక, గోళ్ళలో మట్టి సరిగ్గా పోకముందే కుంచె పట్టుకునేది.

ఉయ్యూరు దగ్గర చెరకు కొట్టి బతికిన మా అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. ఏడాది ప్రార్థన నాటికి గోడమీద అమ్మమ్మ బొమ్మ ఉండాలని అమ్మ పట్టుపట్టింది. మూడుసార్లు వేసి మూడుసార్లూ చెరిపేసింది. ఒకరోజు బెండకాయలు కోస్తూ కోస్తూ బుట్ట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. చీకటి పడేసరికి ఫ్రేముకి బిగించిన గుడ్డమీద అమ్మమ్మ, ఎండకి చిట్లించిన కళ్ళతో, నవ్వు ఆపుకుంటున్న పెదాలతో. "ఇదేనే మా అమ్మ" అంటూ అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. బుట్టలో బెండకాయలు ముదిరి పీచెక్కాయని నాన్న సణిగినా వినిపించుకోలేదు.

బొమ్మలో జుట్టుకి తెల్లరంగు చాల్లేదు. ప్రార్థన ఇంకో నాలుగు రోజులుందనగా, అక్టోబరు ముసురు కాస్త తెరిపిచ్చిన పూట, పచ్చి ఆరని బొమ్మని వరండాలో ఎండకి పెట్టి అమ్మ వన్ టౌన్ బయలుదేరింది. నాన్న అక్కడే సైకిలు తుడుచుకుంటున్నారు. అమ్మ ఆయన వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"చిట్టీ, మబ్బేస్తోంది. వానొస్తే నారు జాగర్తమ్మా."

బొమ్మ మాట ఎత్తలేదు. నాన్న ముందు ఎత్తలేకపోయిందని నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు.

నాన్న ఆఫీసుకి వెళ్ళిన కాసేపటికే వాన విరుచుకుపడింది. అటు ఇటుకలు పేర్చిన మడిలో బెత్తెడు వంగనారు, ఇటు జల్లు కొడుతున్న వరండాలో బొమ్మ. నాకు తొమ్మిదేళ్ళు. ముందు పాదులు, తర్వాతే బొమ్మలు. పైగా నూనెరంగు పట్టిన గుడ్డలోంచి నీళ్ళు దిగవని అమ్మే చెప్పింది. ఫ్రేముతో సహా ఎత్తుకెళ్ళి మడిమీద మూత పెట్టాను. అమ్మమ్మ మొహం తడవకూడదని బోర్లా పెట్టాను. ఎగిరిపోకుండా పైన నాలుగు ఇటుకలు కూడా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నీటి బరువుకి గుడ్డ మధ్యలో కుంగిపోయింది. అమ్మ తడిసి ముద్దై వచ్చి బొమ్మ ఎత్తేసరికి మొహం ఉండాల్సిన చోట ఎర్రమట్టి, పెంటదిబ్బ ఎరువు, అంటుకుపోయిన లేత వంగాకులు. కొట్టి ఉంటే బాగుండేది. మడి అంచుల్లో నిలిచిన నారు వైపు చూసి, "నారు బానే ఉందే" అంది. అంతే.

రాత్రి అన్నాల దగ్గర నాన్న, "పోనీలే, మళ్ళీ వేద్దువుగాని" అన్నారు, నిజంగా బాధపడే.

"మొహం గుర్తుండాలి గదండీ" అంది అమ్మ.

ప్రార్థన ఖాళీ గోడ ముందే జరిగింది. అమ్మ మళ్ళీ కుంచె పట్టలేదు. ఆ ఏడు వంకాయలు విరగకాశాయి; గుత్తివంకాయ, వంకాయ పచ్చడి, ఇరుగుపొరుగుకి పంచినన్ని పంచాం. నేను మాత్రం కంచంలో వంకాయ పక్కకి నెట్టేసేదాన్ని. ఆ తర్వాత ఏటా అక్టోబరులో నారు పోసినప్పుడల్లా అమ్మ ఆ గుడ్డనే తెచ్చి మడిమీద కప్పేది, చివికి పోగులైపోయేదాకా.

ఇప్పుడా పెరట్లో అపార్ట్‌మెంటు మెట్లున్నాయి. అమ్మా నాన్నా లేరు. విత్తనాల డబ్బాలో దొరికిన తెల్లరంగు ట్యూబు నా దగ్గరుంది, మూత కూడా తియ్యనిది, లోపల రాయిలా గడ్డకట్టింది. మా అమ్మమ్మ ఎలా ఉండేదని నా మనవరాలు అడుగుతుంది. కళ్ళు మూసుకుంటే నాకు మట్టీ వంగాకులే కనిపిస్తాయి. ఆ మొహం గుర్తున్నవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు. ఉన్న ఒక్క ఆనవాలునీ చక్కగా బోర్లించి, ఇటుకలు పెట్టి మరీ మట్టి చేసింది నేనే.