సంగమ్మకు పదకొండు మంది మేనత్తలు

సురంగల్‌లో పూలు తెంపే ఆడవాళ్ళందరిలో సంగమ్మ చెయ్యి చురుకు. నోరు ఇంకాస్త చురుకు. ఇరవై ఏడేళ్ళ ఆ మనిషి పక్క సాలులో ఉంటే ఎండ కూడా తెలియదని తోటివాళ్ళు అంటారు. అలాంటి మనిషికి నగరంలో ఇంటిపని అని ఆశపెట్టి, ఒకడు తీసుకెళ్ళి అమ్మేశాడు. ఆ నాలుగు నెలల సంగతి ఆమె ఎవరికీ చెప్పదు, మనం అడగనూ వద్దు. పోలీసులు విడిపించి తెస్తే, కోర్టు ఆమెను మొయినాబాద్ దగ్గర ఒక రక్షణ గృహానికి పంపింది.

అందరూ హోం అనే ఆ చోట అన్నం బాగుండేది, పరుపు మెత్తగా ఉండేది, గేటుకు తాళం ఉండేది. మొదటి నెలంతా సంగమ్మ నిద్రపోయింది. రెండో నెల అక్కడి ఆడవాళ్ళకు దండలు గుచ్చడం నేర్పింది. మూడో నెల సూపరింటెండెంటు ముందు నిలబడి, "మేడం, నేను ఇంటికి పోత," అన్నది.

"మీ వాళ్ళెవరన్నా వచ్చి సంతకం పెట్టాలమ్మా. ఊరికే పంపిస్తే, రేపు నీకేమన్నా అయితే?"

సూపరింటెండెంటు మంచి మనిషే, కానీ వట్టి భయస్తురాలు. భయస్తుల చేతిలో తాళంచెవి పడితే ఇక ఆ తాళం తుప్పు పట్టాల్సిందే.

ఎదురుచూడగా చూడగా ఆరో నెలలో అన్న ధనరాజ్ వచ్చాడు. పెన్ను మూత తీస్తూ, "ఇంట్ల నీకో అర్ర ఖాళీ చేసి పెట్టిన. ఇగ గడప దాటేది లేదు, నలుగురి ముంగట తిరిగేది లేదు," అన్నాడు.

సంగమ్మ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "సంతకం పెట్టకు అన్నా. ఈడ తాళం మేడం దగ్గరుంటది, ఆడ నీ దగ్గరుంటది. నాకేం ఫరక్ పడ్తది?"

ధనరాజ్ విసురుగా వెళ్ళిపోయాడు. అతను పోయాక సంగమ్మ ఏడ్చింది. ఏడవదా మరి, తోడబుట్టినవాడాయె.

ఈ ముచ్చట సురంగల్ చేరింది. అక్కడి పూల కూలీల ముఠాకు పెద్ద పెంటమ్మ. ముఠాలో ఎవరైనా మూడు రోజులు పనికి రాకపోతే, అందరూ కలిసి ఇంటికి పోయి అడగడం వాళ్ళ ఆనవాయితీ. సంగమ్మ విషయంలో అది తప్పిందని పెంటమ్మకు లోలోపల సిగ్గుగా ఉండేది. రక్తసంబంధం ఉన్నవాళ్ళే రావాలట అని వినగానే ఆమె తేల్చేసింది.

"తండ్రి తోడబుట్టినదాన్ని ఎవ్వరు కాదంటరు? మేనత్తనని చెప్పాలె."

ఎవరు చెప్పాలో మాత్రం చెప్పలేదు. ట్రాలీ ఆటోలో హోం ముందు వచ్చి దిగిన పదకొండు మందీ ఆధార్ జిరాక్సులు చేతబట్టుకుని, తామే మేనత్తలమన్నారు. వాళ్ళలో బీరమ్మ సంగమ్మ కంటే రెండేళ్ళు చిన్నది. పైగా సంగమ్మ తండ్రికి అక్కచెల్లెళ్ళే లేరు.

సూపరింటెండెంటుకు నవ్వాగలేదు. ఆ రోజు హోం చూడటానికి వచ్చిన ఉచిత న్యాయసేవ వకీలు అరుణజ్యోతి కూడా పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, సంగమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒక్క మేనత్త కూడ అక్కర్లేదమ్మా. నువ్వు మేజర్‌వి. అన్యాయం నీకు జరిగింది, నువ్వేం తప్పు చెయ్యలే. ఉంటనంటే ఉండొచ్చు. పోతనంటే నిన్ను ఆపొద్దు. ఒకరికి అప్పజెప్పనీకి నువ్వేమన్నా సామానువా?"

"మరి ఇన్ని దినాలు ఈ మాట నాకెందుకు చెప్పలే ఎవ్వరు?" అని అడిగింది సంగమ్మ. అరుణజ్యోతి ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుంది. విడుదల చేయమని కోర్టుకు దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది.

చేవెళ్ళ కోర్టులో మెజిస్ట్రేటు, "ఎక్కడికి వెళ్తావమ్మా?" అని అడిగారు. "మా ఇంటికే సారూ," అన్నది వెనుక నుంచి పెంటమ్మ. కూర్చోమన్నారు. "నేను అన్నను సార్," అని, కోర్టు నోటీసు అంది వచ్చిన ధనరాజ్ లేచాడు. అతన్నీ కూర్చోమన్నారు.

"నేను అడిగింది ఆమెను."

సంగమ్మ కొంగు నడుముకు దోపుకుంది. ఆమె ఏమంటుందోనని ఇంతమంది ఎప్పుడు ఆగారు గనుక! "సురంగల్‌లనే అర్ర కిరాయికి తీసుకుంట సార్. పూలు తెంపుకొని బతుకుత. అన్న ఇంటికి పండుగకు పోత, ఉండనీకి పోను."

విడుదల చేయమని ఆర్డరు వచ్చింది.

మర్నాడు పొద్దున గేటు బయట ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. మేనత్తలందరూ తమ పక్కన చోటు చూపిస్తూ పిలిచారు. సంగమ్మ ఎక్కలేదు.

"నేను నడుస్త."

"సురంగల్ దాకనా? నీకేమన్నా పిచ్చి లేసిందా?" అన్నది పెంటమ్మ.

"ఏడు నెలల సంది గోడ దాకనే నడిచిన అవ్వా."

పెంటమ్మ డ్రైవరుకు మెల్లగా వెనకాలే రమ్మని సైగ చేసింది. సంగమ్మ రోడ్డెక్కి, చేతులు ఊపుకుంటూ, ఫాంహౌస్ గోడలు, వంకాయ తోటలు దాటుకుంటూ నడిచింది. ఎవరూ ఎక్కడికని అడగలేదు. వెనకాల ఆటో మొదటి గేరులో మూలుగుతూ వచ్చింది. అందులో పదకొండు మంది ఆడవాళ్ళు కిక్కురుమనకుండా కూర్చున్నారు. వాళ్ళ నోళ్ళు అంతసేపు మూతపడటం చూసి డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చిన్న మంగళారం దగ్గర చెప్పు కరిచింది. సంగమ్మ ఆగి, చెప్పులు చేతిలోకి తీసుకుని, ఆటోకు చెయ్యెత్తింది.

"ఇగ చాలు. జర జరుగుండ్రి, నేను ఎక్కుత."