అమ్మ మాత్రకు నేను కొట్టిన గంట

మా వంటింట్లో ఒక స్టీలు కంచం ఉంది. నడుమంతా సొట్టలే, అన్నం పెట్టుకుంటే పులుసు ఒక పక్కకే పారుతుంది. అయినా అమ్మ దాన్ని పాతసామాన్లకు వెయ్యనివ్వదు. దాన్ని తోమినప్పుడల్లా పెద్దముడియం దగ్గరి మా ఊరు, ఎండాకాలం సాయంత్రాలు, జొన్నరొట్టెల పొగ, గోంగూర నూరే రోటి చప్పుడు, అమ్మ మాత్రల డబ్బా మూత తీయగానే వచ్చే చేదువాసన అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న హెచ్ఐవితో పోయాడు, అమ్మకూ అదే ఉంది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నెలనెలా మందులకు ప్రొద్దుటూరు పోవడమంటే మాత్రం నాకు పండగే: బస్సులో కిటికీ సీటు, దిగగానే ఉగ్గాని, నోరు కాలే మిరపకాయ బజ్జీ, ఆసుపత్రిలో కౌన్సిలర్ సుశీలక్క ఇచ్చే చాక్లెట్. పొద్దున ఏడుకొకటి, సాయంత్రం ఏడుకొకటి, పూటలు తప్పితే మందు పనిచెయ్యడం మానేస్తుందని, రోజూ జరిగే పనేదో ఒకటి గుర్తు పెట్టుకోమని అక్క చెబితే, అమ్మ మా చర్చి గంటను గుర్తు పెట్టుకుంది. అది రెండు పూటలా ఏడుకు మోగేది.

ఆ ఏడాది ఎన్నికలొచ్చాయి. ఊళ్లో రెండు పార్టీలు. గంట కొట్టి మనుషుల్ని గొడవకు పోగుచేస్తారేమోనని పోలీసులు గంట తాడు విప్పుకుపోయారు. ఆ నెల అక్క మాత్రలు లెక్కపెడితే ఆరు ఎక్కువ మిగిలాయి, అంటే ఆరు పూటలు తప్పాయి. అమ్మ తల వంచుకుంది. నాన్నలాగే అమ్మ కూడా పోతుందేమోనని నా చేతిలో చాక్లెట్ కరిగిపోతున్నా తినలేకపోయాను.

“తప్పు నీది కాదు మరియమ్మా, తాడుది,” అని అక్క నవ్వి, నావైపు తిరిగింది. “రూతూ, ఇంట్లో గంట నువ్వు కొడతావా?”

ఇంక చూడండి నా హోదా! గడియారం కింద కాపలా కాసి, ఏడు కాగానే వాకిట్లో నిలబడి ఈ కంచాన్నే గరిటెతో వాయించేదాన్ని. కుక్కలు మొరిగేవి, కోళ్లు గంప కింద గోల చేసేవి. ఎదురింటి ఓబుళమ్మవ్వ, ఒక పార్టీ పెద్దకు తల్లి, అరుగు మీంచి కేకేసేది: “ఏం పాపా, ఇయ్యాల రొండు నిమిషాలు లేటు! నా బీపీ మాత్ర ఎవురు గుర్తు చేస్తారు?”

ఓట్లకు ముందురోజు సాయంత్రం అవ్వ కొడుకు మనిషొకడు వచ్చి, “ఏంది పాపా ఈ మోత? మావోళ్లు ఉలిక్కిపడతాండారు,” అని కంచం లాక్కున్నాడు. ఏడయిపోతోంది. నాకు ఏడుపొచ్చేసింది.

అవ్వ చీర ఎగదోపుకుంటూ దిగొచ్చింది. “రేయ్, నాకు మాత్ర గుర్తు చేసేది ఆ పాప. రేపట్నించి నువ్వొచ్చి కొడతావా గరిటె పట్టుకోని? ఇయ్‌రా కంచం!”

“కొట్టుకో పాపా,” అని నసిగి వాడు పోయాడు. నేను ఊరు అదిరేలా కొట్టాను. అవ్వ మా గడపలోకి తల పెట్టి, గొంతు తగ్గించి, “మ్మే మరియా, నువ్వు గూడా మింగు,” అంది. పిండిచేతులతో అమ్మ అలాగే నిలబడిపోయింది. అమ్మ జబ్బు సంగతి అవ్వకు ఎప్పటినుంచి తెలుసో! ఎవరితోనూ అనలేదు.

తర్వాతి నెల ఒక్క మాత్ర కూడా ఎక్కువ మిగల్లేదు. ఆరోజు నేను నాలుగు బజ్జీలు తిన్నాను.

ఇప్పుడు ప్రొద్దుటూరులోనే ఉంటున్నాం. ఆ గొడవలు సద్దుమణిగాయి, అవ్వ పోయింది, ఆ అరుగూ లేదు. అమ్మకు రోజుకొకటే మాత్ర. సాయంత్రం ఏడుకు ఫోనులో అలారం మోగితే ఆపేసి, నీళ్లగ్లాసు పట్టుకుని ఊరకే కూర్చుంటుంది.

“ఏంది మా, మింగవా?”

“గంట కొట్టలేదు గదమ్మే ఇంగా.”

నేను గరిటె అందుకుంటాను.