వదిన వీపు కొలత

మా వదిన దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి కొలతల కాగితాలు. నేను వెనక గదిలో పడుకుని పుస్తకాలు చదివేదాన్ని. అన్నయ్య లారీ మీద వెళ్తే వారానికోసారి ఇల్లు చేరేవాడు.

ఆ ఏడు వదిన నడుం నొప్పి అనడం మొదలుపెట్టింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. మనిషి చిక్కిపోయింది. మిషను ముందు వంగి కూర్చునేవాళ్లకి నొప్పి రాక ఏమొస్తుందని నేనే తేల్చేశాను.

ఒకరోజు తన జాకెట్టు వీపు ముక్క విప్పి, కొత్త గుడ్డ అతుకుతోంది.

"ఏం వదినా, ఈ వయసులో కొత్త సోకులు?"

"సోకా నా మొహమా! వెనక అంచు పైకి లేచిపోతోందే. రెండు నెలల్లో ఇది మూడోసారి విప్పడం. వీపు మధ్యలో ఏదో పొడుచుకొస్తోంది, చెయ్యి పెట్టి చూడు."

చూడలేదు. పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడ్డాను.

"ఆస్పత్రికి తోడు రావే. ఒక్కదాన్నీ వెళ్లాలంటే భయంగా ఉంది. మీ అన్నయ్యకి చెప్తే కంగారు పడతారు."

"వచ్చే వారం వెళ్దాంలే."

ఆ వచ్చే వారం మూడు నెలలైనా రాలేదు. అడిగినప్పుడల్లా నాకు ఏదో ఒక పుస్తకం సగంలో ఉండేది. చివరికి ఒక ఉదయం మిషను తొక్కబోతే పాదాలు కదలలేదు.

ఆస్పత్రికి తీసుకెళ్తే వెన్నుకి టీబీ అన్నారు. రెండు పూసలు తినేసిందట, చీము చేరి నరాన్ని నొక్కేస్తోందట. ఆరు గంటలు ఆపరేషను చేశారు. చీము తీసి, పాడైన ఎముక తొలగించి, రాడ్లూ స్క్రూలతో వెన్నుని నిలబెట్టారు. ఏడాదిన్నర మందులు. కుడికాలు తేరుకుంది. ఎడమ పాదం మాత్రం ఈడుస్తూనే నడిచింది.

"మూడు నెలల ముందు తెచ్చుంటే మందులతోనే పోయేదేమో," అన్నాడు డాక్టరు.

అన్నయ్య మంచం పక్కనే వదిన మీద విరుచుకుపడ్డాడు. "నోరు లేదా నీకు? ఇంట్లో ఒక్కళ్లకైనా చెప్పొద్దూ?"

వదిన నా వైపు చూడను కూడా చూడలేదు. "ఇంతదాకా వస్తుందనుకోలేదండీ," అంది. నేను దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

ఆ తిట్టు అక్కడితో ఆగలేదు. ఆమె గడప దగ్గర తూలినప్పుడల్లా అన్నయ్య "అప్పుడే చెప్పుంటే" అనేవాడు. ఆరేళ్లు విన్నాను. ఒకరోజు ముగ్గురం కూర్చుని ఉండగా ఆ మాటే మళ్లీ వచ్చింది. ఇక ఉండబట్టలేదు.

"నాకు చెప్పింది అన్నయ్యా. తోడు రమ్మని ఎన్నిసార్లో అడిగింది. నేనే కదల్లేదు."

అన్నయ్య వదిన వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదు?"

"నన్ను ఎన్నిసార్లు తిట్టినా సాయంత్రానికి మర్చిపోతారు," అంది వదిన గుండీలు ఏరుకుంటూ. "మీ చెల్లెల్ని తిట్టుంటే ఇద్దరికీ జన్మంతా గుర్తుండిపోయేది."

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి వదిన్ని అనడం మాత్రం మానేశాడు.