మందు పూస్తాను, రంగు పూయను

మా డాక్టరమ్మ పోయింది. పోయిన శుక్రవారం నెల్లూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటట. ఈ కబురు తెలియాల్సిన వాళ్ళలో ఆయనా ఒకడని మా పాత ముదీర్‌కు, అదే మేనేజరుకు, ఫోన్ చేశాను. "అరె పాపం! మంచి డాక్టర్. డాల్ఫిన్లంటే జాన్ ఇచ్చేది," అన్నాడు. ప్రాణమిచ్చేదన్న ఆ మాట ఆయన నోట విన్నప్పటి నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

దుబాయ్‌లో మేమిద్దరం ఒకే డాల్ఫిన్ షోలో పనిచేశాం. ఆమె పశువుల డాక్టరు. నేను మైకు పట్టుకుని ఆట వివరాలు చెప్పేదాన్ని. కరామాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. చేపల నీచు వాసన గదిలోకి రాకూడదని ఆమె బయటే కాళ్ళు కడుక్కుని వచ్చేది. జుట్టులోంచి మాత్రం ఆ వాసన పోయేది కాదు. డాల్ఫిన్‌ను ఎవరైనా చేప అంటే ఊరుకునేది కాదు. "చేపేంది? బిడ్డకు పాలిచ్చే తల్లి అది!" అని బస్సులో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో కూడా వాదనకు దిగేది.

మా దగ్గరున్న ఆడ డాల్ఫిన్‌ను ఆమె చిన్నమ్మీ అని పిలిచేది. ఒక వేసవిలో చిన్నమ్మి వీపు మీద గుండ్రంగా, నల్లటి అంచులతో బూడిదరంగు మచ్చలు లేచాయి. తర్వాత చర్మం పొరలుగా ఊడి పుండ్లు పడ్డాయి. పైన కప్పు లేని కొలను అది. ఎండ సూటిగా పడేది. నీళ్ళు తళతళలాడాలని క్లోరిన్ దండిగా పోయించేవారు. గట్టు మీద నిలబడ్డ నాకే కళ్ళు మండేవి.

"ఒంటికి మందేసి ఏం లాభం అమ్మాయ్? జబ్బు నీళ్ళల్లో ఉండాది," అనేది డాక్టరమ్మ. ఆట ఆపమని, క్లోరిన్ తగ్గించి ఉప్పు సరిచూడమని, పైన పరదా కట్టమని ముదీర్‌ను రోజూ అడిగింది.

ఆయన హైదరాబాదీ. "స్కూళ్ళకు సెలవులు డాక్టర్ సాబ్. పబ్లిక్ మస్తుగ వస్తున్నరు. మచ్చలు కనవడకుంట ఏదన్న పూయుండ్రి, ఖలాస్," అన్నాడు.

"మందు పూస్తాను. రంగు పూయను," అంది.

ఇంకెవరిచేతో పూయించాడు.

రంగు పూసిన రోజు మధ్యాహ్నం డాల్ఫిన్‌ను తాకడానికి పిల్లలు వరసలో నిలబడ్డారు. చిన్నమ్మి గోడకు వీపు రుద్దుకుంటోంది. రంగు చెదిరి కింద ఎర్రగా పుండు బయటపడింది. డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. మైకు ఇచ్చేశాను. హిందీలో, ఇంగ్లీషులో, చివరికి తెలుగులో ఒకటే మాట చెప్పింది: "దీనికి ఒళ్ళు బాగాలేదు. ఎవరూ ముట్టుకోబాకండి. ఇయ్యాళ ఆట లేదు."

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుని గేటువైపు నడిచారు. "నీ వీజా కేన్సిల్! నడువ్ బయటికి!" అని ముదీర్ అందరి ముందూ అరిచాడు.

వీజా రద్దయింది. ఆమె ఊరెళ్ళి గేదెలకు వైద్యం చేసుకుంది. ఆమె పోరు వల్లే కొలనుకు పరదా వచ్చింది, నీళ్ళు మారాయి, చిన్నమ్మి పుండ్లు మానాయి. మరుసటి వేసవికి, ఫొటోలు చీకటిగా వస్తున్నాయని పరదా విప్పేశారు. చిన్నమ్మి బతకలేదు. ఇంకో డాల్ఫిన్‌ను తెచ్చి, అది పాతదేనని నన్ను మైకులో చెప్పమన్నారు. ఆ వారమే నేను ఉద్యోగం మానేశాను. ఫోన్‌లో ఈ సంగతి చెబితే డాక్టరమ్మ ఏడవలేదు. "మచ్చ జనానికి కనపడితే వాళ్ళకు సిగ్గు. మచ్చ వచ్చినందుకు సిగ్గు లేదు," అంది.

ఆమెను తలుచుకుంటే నాకు ఆ మధ్యాహ్నమే కళ్ళకు కడుతుంది. ముదీర్ పొమ్మన్నాక ఆమె గేటువైపు వెళ్ళలేదు. నా గొడుగు తీసుకుని, కట్టుబట్టలతోనే కొలనులోకి దిగింది. నడుంలోతు నీళ్ళలో నిలబడి గొడుగు విప్పింది. చిన్నమ్మి వచ్చి ఆ నీడలో ఆగింది. "పరదా కట్టిందాకా ఎక్కను," అంది. సెక్యూరిటీ వాళ్ళు గట్టునే నిలబడిపోయారు, ఒక్కడూ దిగలేదు. చాలాసేపటికి ఇద్దరు మనుషులు నిచ్చెనలు తెచ్చి గుడ్డ కట్టడం మొదలుపెట్టారు. నీడ నీళ్ళ మీద మెల్లగా జరుగుతూ ఆమె దాకా వచ్చింది. ఆమె పైకి చూసింది. గొడుగు మాత్రం ముయ్యలేదు.